నెల్లూరు ఎండలో నీటిరంగులు: కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు

నీటిరంగుల్లో సగం పని నీళ్లదే. రంగు ఎక్కడ పెట్టాలో మన చేయి నిర్ణయిస్తుంది. అది ఎంత దూరం పాకుతుందో, అంచు గీత గీసినట్టు నిలుస్తుందో, పొగలా కరిగిపోతుందో మాత్రం ఆ క్షణాన కాగితంలో ఎంత తడి ఉందన్నదాన్నిబట్టి ఉంటుంది. మన ప్రాంతంలో నేర్చుకునేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. నేర్పే పుస్తకాలు, వీడియోలు చాలావరకు చల్లటి దేశాల నుంచి వచ్చినవి. కాగితం తడిపి, తీరిగ్గా రంగు కలుపుకోమంటాయి. మే నెల మధ్యాహ్నం నెల్లూరులోనో ఒంగోలులోనో ఫ్యాన్ కింద కూర్చుని అలా చేస్తే రంగు కలిపేలోపే కాగితం ఆరిపోతుంది. కరగాల్సిన మబ్బు అంచు కత్తితో కోసినట్టు నిలబడుతుంది. దాన్ని సరిచేయబోతే బురదవుతుంది. నాలుగు బొమ్మలు ఇలా పాడయ్యాక చాలామంది తమకు చేయి తిరగడం లేదని కుంచె పక్కన పెట్టేస్తారు. చేతిలో లోపం ఏమీ ఉండదు. వీడియోలో ఐదు నిమిషాలు ఉన్న తడి ఇక్కడ రెండు నిమిషాలు కూడా ఉండకపోవడమే కారణం. ఆ తడిని కనిపెట్టి పనిచేయడం వస్తే మిగతా మెళకువలు చాలా త్వరగా పట్టుబడతాయి.

ముందు కాగితం

చేతిలో ఉన్న డబ్బు మొదట కాగితానికే పెట్టండి. రంగులు మామూలువైనా నడుస్తుంది, కుంచెలు రెండున్నా చాలు. కాగితం నాసిరకమైతే మాత్రం ఏ పద్ధతీ కుదరదు. స్కూలు డ్రాయింగ్ పుస్తకంలోని కాగితం పలచన. నీళ్లు తగలగానే కాల్చిన అప్పడంలా వంకర్లు పోతుంది. పల్లమైన చోట రంగు మడుగు కట్టి, ఆరాక మరక మిగులుస్తుంది. అదే చోట రెండోసారి కుంచె తిప్పితే పైపొర చిన్న చిన్న ఉండలుగా లేచొస్తుంది.

అడిగి తీసుకోవాల్సింది 300 జీఎస్ఎం కోల్డ్ ప్రెస్ కాగితం. చదరపు మీటరు కాగితం 300 గ్రాములు తూగుతుందని ఆ అంకెకు అర్థం. కోల్డ్ ప్రెస్ అంటే కొంచెం గరుకు ఉన్న రకం. నున్నగా ఉండే హాట్ ప్రెస్ మీద రంగు జారుతుంది, కుంచె గుర్తులన్నీ బయటపడతాయి. దాన్ని ఇప్పుడే ముట్టుకోవద్దు.

300 జీఎస్ఎంలో కూడా రెండు జాతులున్నాయి. కలపగుజ్జుతో చేసినది చవక. దాని మీద నీళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి త్వరగా ఆరుతుంది, ఆరిన రంగును తడిగుడ్డతో తుడిస్తే తేలిగ్గా లేస్తుంది. పూర్తిగా పత్తితో చేసినది ఖరీదు ఎక్కువ. ఇది తడిని లోపలికి తీసుకుని చాలాసేపు పట్టి ఉంచుతుంది, పొర మీద పొర వేసినా కింది రంగు కదలదు. మన ఎండల్లో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కసరత్తులకు గుజ్జు కాగితం, బొమ్మలకు పత్తి కాగితం పెట్టుకోవడం మంచి పద్ధతి. డబ్బు దండగని పత్తి కాగితాన్ని ఏడాది తర్వాతకు వాయిదా వేయకండి. మెత్తటి అంచు ఎలా వస్తుందో అసలు తెలిసేది దాని మీదే. ఆర్చెస్ లాంటి కంపెనీల ఫుల్ షీట్ 22 × 30 అంగుళాలు ఉంటుంది. పొడవును నాలుగు, వెడల్పును రెండు భాగాలు చేస్తే ఏడున్నర × పదకొండు అంగుళాల ముక్కలు ఎనిమిది వస్తాయి. రెండువైపులా వేసుకోవచ్చు. లెక్క వేస్తే బొమ్మకు పడే ఖర్చు భయపడేంత ఉండదు.

కాగితానికి కూడా చీరకు గంజి పెట్టినట్టు ఒక జిగురు పూత ఉంటుంది, దాన్నే సైజింగ్ అంటారు. నీళ్లు వెంటనే ఇంకిపోకుండా ఆపేది అదే. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలి తేమకు ఆ పూత చెడిపోతుంది, చెడినట్టు పైకి కనిపించదు. దాచి ఉంచిన కాగితం వాడేముందు మూల మీద ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. చుక్క కాసేపు గుండ్రంగా నిలబడితే బాగున్నట్టు. పడగానే బ్లాటింగ్ పేపరులా పీల్చుకుని అక్కడ నల్లబడితే ఆ కాగితం స్కెచింగుకే పనికొస్తుంది. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు లోపల వేసి బీరువాలో పెట్టండి. గోడకు ఆనించి నిలబెట్టొద్దు.

ఇంకొకటి, తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తో కాగితం పట్టుకోకూడదు. వేలిముద్ర పడిన చోట నూనె నీళ్లను తోసేస్తుంది, ఆకాశం మధ్యలో రంగు అంటని తెల్ల మచ్చ మిగులుతుంది. చెమట కూడా అంతే. అరచేయి కింద ఒక తెల్లకాగితం ముక్క వేసుకుని పనిచేయండి.

రంగులు ఆరు చాలు

నీటిరంగు అంటే మెత్తగా నూరిన రంగుపొడిని తుమ్మజాతి చెట్ల జిగురుతో కలిపినది. ఆ జిగురు నీళ్లలో కరుగుతుంది కాబట్టే రంగులు కలుపుకునే పలకలో (ప్యాలెట్‌లో) ఎండిపోయిన రంగు తడి తగలగానే మళ్లీ లేస్తుంది. కాగితం మీద ఆరిన రంగు లేచేదీ అందుకే. పోస్టర్ కలర్ వేరు. అది కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. నీటిరంగు మాత్రం గాజులా ఉండాలి, కింద కాగితపు తెలుపు దాన్ని వెలిగించాలి. అందుకే ఇందులో తెల్లరంగుతో పని ఉండదు. తెలుపు కావాల్సిన చోట కాగితాన్ని వదిలేయడమే.

ఇరవై నాలుగు రంగుల డబ్బా కొనొద్దు. లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), అల్ట్రామెరైన్ బ్లూ, ప్రష్యన్ బ్లూ, ఈ ఆరు ట్యూబులు విడిగా తీసుకోండి. క్యామెల్ లాంటి కంపెనీల స్టూడెంట్ రకంతో మొదలుపెట్టొచ్చు. ఆర్టిస్ట్ రకంలో రంగుపొడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి కొంచెం తీసినా చాలా వస్తుంది. నలుపు అసలు అక్కర్లేదు. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే ముదురు రంగు నలుపుకన్నా సజీవంగా ఉంటుంది. నీలం ఎక్కువైతే వానమబ్బు, గోధుమ ఎక్కువైతే తడి మన్ను, తాటిమాను. ఈ రెండు రంగుల కలయికే మీరు అన్నిటికన్నా ఎక్కువ వాడబోతున్నారు.

అల్ట్రామెరైన్ తెల్లబట్టలకు పెట్టే పొడి నీలం జాతిదే. దాని రేణువులు కాగితపు గరుకులో దిగి సన్నటి ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. అది లోపం కాదు, మబ్బులకూ కొండలకూ ఎంతో అందం. ప్రష్యన్ బ్లూ తీరు వేరు. అది కాగితాన్ని పట్టేసి వదలదు, పైగా చాలా బలమైనది. నారుమడి పచ్చ కలపడానికి కుంచె నిండా లెమన్ ఎల్లో ముందు పలకలో పోసి, ప్రష్యన్ బ్లూను కుంచె కొసతో మాత్రమే అంటించి చేర్చండి. నీలంలో పసుపు కలపబోతే ట్యూబు పసుపంతా అయిపోయినా నీలం నీలంగానే ఉంటుంది. ఎప్పుడైనా లేతరంగులోకి ముదురు రంగు చేర్చడమే దారి. చింతచెట్టు, మామిడితోపు లాంటి ముదురు పచ్చకు ప్రష్యన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా, కొంచెం ఎల్లో ఓకర్. ఒక కలయికలో మూడు రంగులు దాటితే చెప్పలేని బూడిదరంగు వస్తుంది.

క్రిమ్సన్ ట్యూబు కొనేటప్పుడు వెనకవైపు రంగుపొడి కోడ్ చూడండి. పీఆర్83 అని ఉంటే అది పాత అలిజరిన్, వెలుతురుకు ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. పీవీ19 ఉన్నది నిలుస్తుంది.

ప్యాలెట్‌కు ఇంట్లోని తెల్ల పింగాణీ ప్లేటు చాలు. కొత్త ప్లాస్టిక్ ప్యాలెట్ మీద రంగు చుక్కలు చుక్కలుగా విడిపోయి ఎంత చిక్కగా కలిసిందో తెలియదు. వానాకాలంలో తడి ప్యాలెట్‌ను మూతపెట్టి దాస్తే బూజు పడుతుంది, నీడలో ఆరనిచ్చాకే మూయండి.

కుంచెలు, నీళ్లు, బల్ల

గుండ్రటి కుంచెల్లో 12 నంబరు, 6 నంబరు ఒక్కొక్కటి, అంగుళం వెడల్పు ఫ్లాట్ (చదును కుంచె) ఒకటి. సింథటిక్‌వి చాలు. షాపులో నీళ్లలో ముంచి ఒక్కసారి విదిలించి చూడండి, వెంట్రుకలన్నీ ఒక్క మొనగా చేరితే తీసుకోండి. కొత్తవాళ్లు సన్నకుంచెతో ఆకాశం వేయబోతారు. సన్నకుంచెలో నీళ్లు పట్టవు, నాలుగు గీతలకే అయిపోతాయి, రెండోసారి ముంచి వచ్చేసరికి మొదటి గీత ఆరిపోయి చారలు పడతాయి. ఏ పనికైనా అది పట్టేంత పెద్ద కుంచె తీసుకోండి. కుంచెను నీళ్ల గ్లాసులో నిలబెట్టి వదలకండి, మొన వంగి మళ్లీ సరికాదు.

నీళ్లు రెండు గ్లాసుల్లో పెట్టుకోవాలి. ఒకటి కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరునీళ్లు ఉప్పగానో, సున్నం పేరేలానో ఉంటాయి. స్టీలు గిన్నెలో ఆరితే తెల్లచార వదిలే నీళ్లు కాగితం మీదా అదే పని చేస్తాయి. ముదురు రంగులు ఆరాక పాలిపోయినట్టు కనిపిస్తాయి. రంగు కలపడానికి తాగే క్యాన్ నీళ్లు వాడండి, కడగడానికి ఏవైనా సరే.

కాగితం కిందకు పిల్లల పరీక్ష ప్యాడ్ సరిగ్గా సరిపోతుంది. నాలుగువైపులా మాస్కింగ్ టేప్ అంటించి, ప్యాడ్ పైఅంచు కింద అంగుళం మందం పుస్తకం పెట్టండి. ఆ ఏటవాలు లేకపోతే రంగు కిందికి దిగదు. చేతికందేలా పాత నూలులుంగీ ముక్క ఒకటి ఉంచుకోండి. కుంచెలో తడి ఎంత ఉండాలో సర్దుకునేది ఆ గుడ్డ మీద తాకించే. మొదటిరోజు నుంచీ ఎడమచేతిలో అది ఉండాలి.

తడి నాలుగు దశలు

కాగితం తడిపి, కిటికీ వైపు కంటిమట్టానికి ఎత్తి ఏటవాలుగా చూడండి. మొదట అద్దంలా మెరుస్తుంది. కాసేపటికి ఆ మెరుపు తగ్గి పట్టుచీర మీది మెరుపులా మెత్తబడుతుంది. ఆ తర్వాత మెరుపు పూర్తిగా పోతుంది గానీ చేతి వెనకభాగం ఆనిస్తే చల్లగా తగులుతుంది. చివరికి ఆ చల్లదనమూ పోతుంది. ఈ నాలుగింటినీ కంటితో, చేత్తో గుర్తుపట్టడం రావాలి.

అద్దం మెరుపులో రంగు పెడితే అదుపు లేకుండా పాకుతుంది. ఆకాశానికి, సముద్రానికి, పొద్దుటి మంచుకు అది మంచిది. పట్టు మెరుపులో పెట్టిన రంగు పెట్టినచోటే ఉండి అంచు మాత్రం మెత్తబడుతుంది. మబ్బులు, దూరపు చెట్లు, నీటిలో నీడలు వేసేది ఈ దశలోనే. ఇది అన్నిటికన్నా విలువైనది, మన దగ్గర అన్నిటికన్నా చిన్నది కూడా. ఎండాకాలంలో ఒక్క నిమిషం నిలిస్తే గొప్ప. మూడో దశలో, అంటే మెరుపు పోయి చల్లగా ఉన్నప్పుడు, ఏమీ చేయకూడదు. చాలా బొమ్మలు పాడయ్యేది సరిగ్గా ఇక్కడే. పైకి ఆరినట్టు కనిపిస్తుంది, "ఇక్కడ కొంచెం సరిచేద్దాం" అని తడికుంచె తాకిస్తారు. కొత్తగా వచ్చిన నీళ్లు సగం ఆరిన రంగురేణువులను పక్కకు నెట్టుకుంటూ పోతాయి. కాలీఫ్లవర్ పువ్వులాంటి అంచుతో మరక పడుతుంది, దాన్ని ఇక తీయలేం. నాలుగో దశలో, పూర్తిగా ఆరాక, పదునైన అంచులు, పై పొరలు వేసుకోవచ్చు.

దీనికి జోడీగా రంగు చిక్కదనం తెలియాలి. మజ్జిగతేట, మజ్జిగ, పెరుగు, మీగడ అని నాలుగు మెట్లు అనుకోండి. మజ్జిగతేట ప్లేటు వంచితే నీళ్లలా పరుగెడుతుంది. మజ్జిగ కొంచెం ఆగి జారుతుంది. పెరుగు నెమ్మదిగా కదులుతుంది. మీగడ కదలదు. కాగితంలో ఉన్న తడికన్నా కుంచెలో తడి తక్కువ ఉండాలన్నది సూత్రం. అద్దం మెరుపు మీద మజ్జిగ వేయొచ్చు, పట్టు మెరుపు మీద పెరుగు వేయాలి. పట్టు మెరుపు మీద మజ్జిగతేట వేస్తే కాలీఫ్లవర్ ఖాయం. నీటిరంగుల్లో జరిగే ప్రమాదాల్లో సగానికి పైగా ఈ ఒక్క లెక్క తప్పడం వల్లే వస్తాయి.

ఇంకా ఒకటి, తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగు ఆరాక ఒక మెట్టు లేతబడుతుంది. తడిలో చూసి "కొంచెం ఎక్కువైందేమో" అనిపించేంత పెడితేనే ఆరాక సరిపోతుంది.

ఎండలో తడిని నిలబెట్టడం

ఎండాకాలంలో ఉదయం ఆరు నుంచి ఎనిమిదిలోపు కూర్చోండి. వాష్ వేసే, అంటే పలచటి రంగును పెద్ద చోటంతా పరిచే, ఆ నాలుగు నిమిషాలూ ఫ్యాన్ ఆపేయండి. వడగాలి వీచే వైపు కిటికీ మూసేయండి. కాగితాన్ని ఒక్కసారి తడిపి ఆగకుండా, తడిపి ఒక నిమిషం ఉండి మళ్లీ తడపండి. మొదటి నీళ్లు లోపలికి ఇంకుతాయి, రెండో నీళ్లు పైన నిలబడతాయి. దీంతోనే సమయం దాదాపు రెట్టింపవుతుంది. రంగులన్నీ కాగితం తడిపేముందే కలిపి సిద్ధంగా ఉంచుకోవాలి, తడిపాక కలపడమన్నది మన ఊళ్లలో కుదరదు.

రోహిణి కార్తెలో ఇవీ చాలకపోతే వంటింటి గ్రానైట్ గట్టు వాడండి. చీమకుర్తి రాయి మన ఇళ్లలో ఎక్కడ చూసినా ఉంటుంది. పాలిష్ చేసిన ఆ రాయి నీళ్లను పీల్చదు. పత్తి కాగితాన్ని రెండువైపులా బాగా తడిపి, ఐదు నిమిషాలు నానిచ్చి, గట్టు మీద పరిచి గాలి బుడగలు లేకుండా అరచేత్తో మధ్య నుంచి అంచులకు నొక్కండి. టేప్ అక్కర్లేదు, తడే దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. కింద తడి ఉన్నంతసేపూ పైన ఆరదు. మెత్తటి అంచులు సాధన చేయడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. గుజ్జు కాగితం ఇంత నానితే మెత్తబడిపోతుంది, దాన్ని ఇలా చేయొద్దు. కప్పు నీళ్లలో రెండు చుక్కల గ్లిజరిన్ కలిపినా ఆరడం ఆలస్యమవుతుంది. ఎక్కువ వేస్తే మాత్రం వానాకాలం వచ్చాక బొమ్మ జిగటగా తగులుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కథ తిరగబడుతుంది. ముసురు పట్టిన రోజు వాష్ గంటైనా ఆరదు, మూడో దశ సాగుతూనే ఉంటుంది, మన ఓపిక చచ్చిపోయి చేయి పెట్టేస్తాం. అప్పుడు హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చు. అయితే మెరుపు పూర్తిగా పోయాకే, అడుగు దూరం నుంచి. మెరుపు ఉండగా ఊదితే గాలి తోసిన వైపు రంగు పారి గట్టు కడుతుంది.

మొదటి రెండు వారాల కసరత్తు

10 × 15 సెంటీమీటర్ల పెట్టె గీసుకోండి. రెండు టీస్పూన్ల నీళ్లలో కందిగింజంత అల్ట్రామెరైన్ కలపండి. ఆ పెట్టెకు అంత అవసరం లేదు గానీ మధ్యలో రంగు అయిపోతే మళ్లీ అదే చిక్కదనం కలపలేం, కాబట్టి ఎప్పుడూ రెట్టింపు కలపాలి. 12 నంబరు కుంచె నిండా ముంచి ఎడమ నుంచి కుడికి ఒక్క గీత లాగండి. ఏటవాలు వల్ల గీత కిందిఅంచున రంగు పూసలా చేరుతుంది. మళ్లీ ముంచి, ఆ పూసను తాకిస్తూ రెండో గీత. పూసను కిందికి దింపుకుంటూ రావడమే పని, వెనక్కి వెళ్లి దిద్దకూడదు. చివర మిగిలిన పూసను గుడ్డకు తుడిచిన కుంచెతో పీల్చేయండి. వదిలేస్తే అది పైకి ఎగబాకి మరక చేస్తుంది. పెట్టె అంతా ఒక్క తీరుగా ఆరితే ఫ్లాట్ వాష్ వచ్చినట్టు. రోజుకు నాలుగు పెట్టెలు చొప్పున నాలుగైదు రోజులు వేయండి.

తర్వాత అదే పెట్టెలో పైన ముదురుగా మొదలుపెట్టి, ప్రతి గీతకూ కుంచెను రంగులో కాకుండా నీళ్లలో ముంచుతూ దిగండి. కింద తెల్లబడుతూ వస్తుంది. మైపాడు దగ్గర నిర్మలమైన ఆకాశం సముద్రం మీదికి దిగేచోట ఎలా పాలిపోతుందో అచ్చం అలా రావాలి. ఆ తర్వాత తడిమీద తడి, నాలుగు దశల్లోనూ ఒక్కో చుక్క పెట్టి పక్కన దశ పేరు రాసుకోండి. ఈ ఒక్క కాగితాన్ని గోడకు అంటించుకుంటే చాలా రోజులు పనికొస్తుంది.

డ్రై బ్రష్ తేలిక. పెరుగు చిక్కదనపు రంగును గుడ్డకు కొంచెం ఒత్తి, కుంచెను దాదాపు పడుకోబెట్టి వేగంగా లాగితే గరుకు మీద మాత్రమే అంటుతుంది. నీటి మీద ఎండతళుకు, తాటిమాను గరుకు ఇలా వస్తాయి.

మొదటి బొమ్మ: నీళ్లు నిలిపిన కయ్య

దమ్ముచేసి నీళ్లు పెట్టిన కయ్య (వరిమడి), గట్టున తాటిచెట్లు, సాయంత్రపు ఆకాశం. మొదటి బొమ్మకు ఇంతకన్నా అనువైనది లేదు. ఆకాశానికి వేసిన వాషే నీళ్లకూ పనికొస్తుంది.

ఏడున్నర × పదకొండు ముక్కను అడ్డంగా పెట్టి, పైనుంచి నాలుగున్నర అంగుళాల దగ్గర హెచ్‌బీ పెన్సిల్‌తో లేతగా నేలగీత గీయండి. కుడివైపు మూడు తాటిచెట్ల చోటు గుర్తుపెట్టండి. మూడూ ఒకే ఎత్తు, ఒకే ఎడం వద్దు. రెండు దగ్గరగా, ఒకటి విడిగా ఉంటే సహజంగా ఉంటుంది. పెన్సిల్ ఎక్కువ ఒత్తితే పైన రంగు పడ్డాక చెరగదు.

మూడు రంగులు ముందే కలపండి. ఎల్లో ఓకర్‌లో కొంచెం లెమన్ ఎల్లో, మజ్జిగలా, రెండు స్పూన్లు. క్రిమ్సన్ మజ్జిగతేటలా ఒక స్పూను. అల్ట్రామెరైన్‌లో చిటికెడు బర్న్ట్ సియెన్నా, మజ్జిగలా రెండు స్పూన్లు. పక్కన అదే నీలం, గోధుమ కలయికను పెరుగు చిక్కదనంలో కొంచెం మబ్బులకు.

కాగితమంతా రెండుసార్లు తడపండి. అద్దం మెరుపు ఉండగా పైనుంచి నీలం మొదలుపెట్టి, సగం దాకా దిగుతూ పలచన చేయండి. దాని కింద క్రిమ్సన్ పట్టీ, నేలగీత దగ్గర ఓకర్. నీలాన్ని నేరుగా పసుపులోకి దించితే ఆకాశం పచ్చబడుతుంది. మధ్యలో క్రిమ్సన్ ఉంచేది అందుకే. నేలగీత దగ్గర ఆగొద్దు. దాని కింద అదే వరుస తిరగేసి వేయండి, ఓకర్, క్రిమ్సన్, అడుగున నీలం. నీళ్లలో ఆకాశం తలకిందులుగా ఉంటుంది, కొంచెం ముదురుగా కూడా. ఇదంతా మూడు నిమిషాల్లో అయిపోవాలి. పట్టు మెరుపు రాగానే పెరుగు చిక్కదనపు మబ్బు మూడు కుంచెతాకిడులు, అంతే. నాలుగోది వేయాలనిపిస్తుంది, వేయొద్దు. ప్యాడ్ కింది పుస్తకం తీసేసి బల్లపరుపుగా ఆరనివ్వండి, లేకపోతే నేలగీత మీది వెలుగంతా కిందికి జారుతుంది.

చేతి వెనకభాగం ఆనిస్తే చల్లదనం లేనప్పుడు రెండో పని. నేలగీత మీద దూరపు తోపు. ప్రష్యన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా మజ్జిగతేటలా కలిపి పావు అంగుళం ఎత్తున ఎగుడుదిగుడుగా వేసి, అడుగు అంచును తడికుంచెతో మెత్తబరచండి. దూరమైనవి లేతగా, నీలంగా ఉండాలి. తోపు ముదురైతే కయ్య అంతా కుంచించుకుపోయి కనిపిస్తుంది. గట్లకు బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ చిక్కటి మజ్జిగ. దూరంగా ఉన్న గట్టు దారమంత సన్నగా, దగ్గరిది వేలంత వెడల్పుగా. గీత అక్కడక్కడా తెగితేనే గట్టులా ఉంటుంది.

తాటిమానుకు డ్రై బ్రష్, కింది నుంచి పైకి ఒక్క లాగు, రెండు నుంచి మూడు అంగుళాలు. తలకు పెరుగు చిక్కదనంలో ముదురుపచ్చ. మధ్య నుంచి బయటికి పొట్టి పొట్టి గీతలు, విసనకర్రలు కలిపి కట్టినట్టు. మధ్యమధ్య ఆకాశం కనపడాలి. మొత్తం పూడ్చేస్తే చీపురుకట్ట అవుతుంది. కింద ఎండిన మట్టలు రెండు మూడు బర్న్ట్ సియెన్నాతో వేలాడదీయండి.

నీళ్లలో కనిపించే నీడలు చెట్టు మొదలు నుంచి నిట్టనిలువుగా కిందికే దిగుతాయి, పక్కకు వాలవు. పొడవు చెట్టంతే. నీడ పడేచోట కాగితం తడిపి, పట్టు మెరుపులో చెట్టుకన్నా కొంచెం లేతరంగు దించండి. వెంటనే పిండేసిన ఫ్లాట్ కుంచెను రెండుచోట్ల అడ్డంగా లాగండి. ఆ రెండు లేతగీతలతోనే నీళ్లు కదిలినట్టు కనిపిస్తుంది. ఆరాక ముందువైపు నారుకట్టలు నాలుగైదు, లెమన్ ఎల్లోలో ప్రష్యన్ కొస తాకించిన పచ్చతో. టేప్ తీసేటప్పుడు కాగితానికి ఆనించి, బయటివైపుకు నెమ్మదిగా లాగండి. తడిగా ఉండగా తీస్తే పైపొర ఊడొస్తుంది.

ఇదే బొమ్మను ఐదారుసార్లు వేయండి. కొత్త దృశ్యం వెతుక్కోవడం కన్నా దీనివల్లే ఎక్కువ వస్తుంది.

ఆ తర్వాత

ఒంగోలు గిత్తను వేసేటప్పుడు ఒంటి తెలుపుకు రంగు వేయరు. చుట్టూ నేపథ్యం వేసి కాగితాన్ని వదిలేస్తారు. మూపురం కింద, మెడ మీద, పొట్ట అడుగున అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా మజ్జిగతేట నీడ. కింద నేల ఎర్రమన్నైతే పొట్ట నీడలో కొంచెం ఓకర్ చేరాలి, నేల వెలుగు పైకి కొడుతుంది కాబట్టి. ఉదయగిరి కొండలకు మూడు పొరలు, దూరపుది అల్ట్రామెరైన్ మజ్జిగతేట, ప్రతి పొరా పూర్తిగా ఆరాకే తర్వాతది. పెన్నా ఒడ్డున రంగనాయకుల గాలిగోపురం వేయాలంటే బొమ్మలన్నీ లెక్కపెట్టి గీయొద్దు. ఎండ పడే వైపు ఓకర్ లేతవాష్, ఆరాక నీడవైపు మొత్తానికి ఒకే వాష్, ఆ నీడ అంచుల్లో మాత్రం నాలుగు చిన్న ముదురు తాకిడులు. చూసే కన్ను మిగతాది పూర్తిచేసుకుంటుంది.

మైపాడు, కొత్తపట్నం తీరాల్లో కూర్చుని వేసేవాళ్లు కాగితాన్ని నీడలో పెట్టుకోవాలి. ఎండలో ఉన్న తెల్లకాగితం మీద ఏ రంగైనా లేతగా కనిపిస్తుంది, ఇంకా ముదురు వేస్తూ పోతాం. ఇంటికొచ్చి చూస్తే బొమ్మ నల్లగా ఉంటుంది. టోపీ, క్లిప్పులు, చిన్న స్ప్రే సీసా దగ్గరుంచుకోండి. ఇసుక ఎగిరిపడితే తడి ఉండగా తుడవొద్దు, ఆరాక మెత్తటి పొడికుంచెతో దులపండి.

నచ్చిన బొమ్మను ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో మౌంట్ అట్ట పెట్టించండి. తగిలితే వానాకాలంలో లోపల తేమ పట్టి అద్దానికి అతుక్కుంటుంది, బూజు చుక్కలు వస్తాయి. వెనక అట్టకూ గోడకూ మధ్య గాలి ఆడేలా కింది రెండు మూలలకు కార్క్ ముక్కలో రబ్బరు బిళ్లలో అంటించమని ఫ్రేములు కట్టే వాళ్లకు చెప్పండి. సాయంత్రపు ఎండ నేరుగా పడే గోడ మీద మాత్రం తగిలించొద్దు.